బంద్ రోజుల్లో కనపడని జబ్బు

అది మొదటిసారి వచ్చింది కొత్తపేట దగ్గర, బస్సులో. తుర్కయంజాల్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు బ్యాంక్ కోచింగ్ కోసం నేను రోజూ పోయే దారే. ఆ రోజు సీటు కూడా దొరికింది. ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకోవడం మొదలైంది. వేళ్ళు తిమ్మిరెక్కాయి, ఊపిరి గొంతు దాటి లోపలికి పోవడం లేదు. ఇంకో నిమిషంలో చచ్చిపోతాననుకున్నాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. పక్క సీట్లో ఉన్నామె నన్ను దింపి, రోడ్డు మీదున్న నర్సింగ్‌హోమ్‌లో కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి వెళ్ళింది. ఆమె పేరైనా అడగలేదు.

ఈసీజీ తీశారు. "నార్మలే ఉంది, గ్యాస్ అయ్యుంటుంది" అని గోళీలు రాసిచ్చారు. గ్యాస్ అనేది మా ఇంట్లో అందరికీ తెలిసిన జబ్బు కాబట్టి చెప్పడం సులువైంది. అమ్మ నాలుగు రోజులు పప్పు వండడం మానేసింది.

పది రోజులకు క్లాసులో మళ్ళీ వచ్చింది. మూడోసారి ఎల్‌బీ నగర్ చౌరస్తాలో, సిగ్నల్ దగ్గర బస్సు ఆగి ఉన్నప్పుడు. ఆ తర్వాత అసలు జబ్బు కంటే, మళ్ళీ వస్తుందేమోనన్న భయమే ఎక్కువైంది. పొద్దున బస్సు హారన్ వినపడితే చాలు, లేచి కిటికీ మూసేసేదాన్ని.

సరిగ్గా అప్పుడే తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి వంటావార్పు. బస్సులు డిపోలు దాటవు, కోచింగ్ సెంటర్లకు తాళాలు. టీవీలో "రేపు బంద్" అని కనపడితే నా ప్రాణం హాయిగా కుదుటపడేది. మా నాయిన రోడ్డు మీద పొయ్యి పెట్టి అన్నం వండే జట్టులో ముందుండేవాడు. ఆయన కోసం ఉల్లిగడ్డలు కోసిచ్చే నన్ను చూసి, "నా బిడ్డకు తెలంగాణ అంటే పాణం" అని నలుగురికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. నాకు తెలంగాణ కావాలన్నది నిజమే. బంద్ అంతకంటే ఎక్కువ కావాలన్నది ఆయనకు తెలియదు.

బంద్‌లు తగ్గి బస్సులు తిరగడం మొదలవగానే నా గుట్టు బయటపడే రోజులొచ్చాయి. స్టాప్ దాకా పోయి, మూడు బస్సులు వదిలేసి, "క్లాస్ లేదంట" అంటూ ఇంటికొచ్చేదాన్ని. అమ్మ పక్కనుంటే ఆటోలో ఎలాగో పోగలిగేదాన్ని. ఒంటరిగా గేటు దాటడం కూడా కష్టమైంది. అమ్మ ఒకసారి ఎల్‌బీ నగర్‌లో ఒక ఫిజీషియన్‌కు చూపించింది. ఎకో, థైరాయిడ్, రక్తపరీక్షలు, అన్నీ నార్మల్. అమ్మ మందులు కొనడానికి బయటికి వెళ్ళినప్పుడు ఆయన మెల్లగా అన్నాడు: "ఒకసారి సైకియాట్రిస్ట్‌ను కలవమ్మా. ఇంట్లో చెప్పు. ఒక్కదానివే మోయకు."

చెప్పమన్నాడు సరే, ఎట్లా చెప్పాలో చెప్పలేదు. ఒంటరిగా పోలేకపోవడమే నా జబ్బు. కాబట్టి అమ్మానాయినలు నమ్మి తీసుకుపోతే తప్ప నాకు వైద్యమే లేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ధైర్యం చేశాను. "నాయినా, నీకో మాట చెప్పాలె. కోపం చెయ్యొద్దు."

నాయిన లేచి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు. అమ్మ చేతిలో కంచం అట్లాగే ఉండిపోయింది.

"పోరడెవడు?" అన్నాడు నాయిన.

"పోరడేంది?"

"దిల్‌సుఖ్‌నగర్ల కోచింగోడేనా? ఆంధ్రోళ్ళ పిల్లగాడా? ఉన్నదున్నట్టు చెప్పు."

"పోరడు లేడు, ఎవడూ లేడు నాయినా! నాకు మనసు మంచిగుంటలేదు. ఊకె భయమైతున్నది. మనసు డాక్టర్‌కు చూపియ్యాలంట."

నాయిన కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలాడు. "గంతేనా! పాణం తీసినవ్ గదనే!" అని నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. ఆ సంతోషంలో నాకు మామిడిపండు కోసిచ్చింది. వాళ్ళు తిట్టి ఉంటే ఏడ్చేదాన్నేమో. నవ్వేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు నాయిన వాస్తు చూసి నా మంచం నైరుతి గదిలోకి మార్పించాడు, అమ్మ దిష్టి తీసింది. మంచం మారింది గానీ నా గుండెదడ ఎక్కడుందో అక్కడే ఉంది.

మాది ఊళ్ళో పాత కాపుదనం, సేద్యం మీద బతికిన ఇల్లు. పొలాలన్నీ ప్లాట్లయ్యాక నాయిన కూడా ప్లాట్లు కొని అమ్మే పనిలో దిగాడు. ఆ పనిలో ఆయన ఎవరి నోటిమాటా నమ్మడు. వెనకటి లింక్ డాక్యుమెంట్లు, అంటే ఆ జాగా ఎవరి నుంచి ఎవరికి ఎప్పుడు వచ్చిందో చూపే కాగితాలు, అన్నీ వరసగా ఉండాలి. ఎర్ర పెన్ను పట్టుకుని ఒక్కో తేదీ చూస్తాడు. నడుమ ఒక్కటి తప్పినా ఫైలు మూసి తిరిగిచ్చేస్తాడు. ఒకరోజు వరండాలో ఆయన అట్లా కాగితాలు చూస్తుంటే నాకు తట్టింది. ఈయనకు నేను నోటిమాట చెప్పాను, కాగితం చూపించలేదు!

మొదటిరోజు నుంచి అన్నీ గుర్తు చేసుకుని రాశాను. తేదీ, ఎక్కడ, ఏమైంది, ఎంతసేపు, ఆ తర్వాత ఏం మానేశాను. నాలుగు పేజీలైంది. రిపోర్టులు వెనక పెట్టాను. చివర ఒక్క వాక్యం: "నాతోటి దవాఖానకు రావాలె." ఫైల్లో పెట్టి నాయిన ముందుంచాను. "జర చూడు నాయినా."

అలవాటు కొద్దీ ఎర్ర పెన్ను తీశాడు. మొదటి పేజీలో నవ్వు పోయింది. రెండో పేజీలో అమ్మను పిలిచి పక్కన కూర్చోబెట్టాడు. మూడో పేజీలో పెన్ను ఆగింది.

"గీడ లింక్ తెగింది. దగ్గర దగ్గర నెలన్నర ఏం రాయలేదేంది?"

"అప్పుడేం కాలేదు నాయినా. అప్పుడన్నీ బంద్‌లే. బస్సెక్కే పనే లేకుండె."

ఆయన పెన్ను పక్కన పెట్టాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు తెలంగాణ కోసం సంబరపడ్తున్నవ్ అనుకున్న బిడ్డా. నేను రోడ్డు మీద కూసున్న, ఇంట్ల నిన్ను చూడకపోతి."

"సంబంధాలొచ్చేటప్పుడు ఎవలకన్న తెలిస్తే ఎట్ల?" అంది అమ్మ, భయంగా.

"ముందుగాల పిల్ల. సంబంధం తర్వాత," అన్నాడు నాయిన. ఆ మాటకు నేను వెక్కివెక్కి ఏడ్చాను.

ఎల్‌బీ నగర్‌లోని సైకియాట్రిస్ట్ ఒక పెద్దావిడ. నాయిన కూర్చోగానే "మీదే ఊరు మేడం?" అన్నాడు. "భీమవరం దగ్గరండీ," అందావిడ. నాయిన ఒక్క క్షణం కిటికీలోంచి బయటికి చూసి, ఫైలు ఆమె ముందుకు జరిపాడు. "అన్నీ ఇందుల ఉన్నయి. జర మంచిగ చూడుండ్రి."

ఆవిడ అంతా చదివి నాతో అంది: "ఇది పానిక్ డిజార్డర్ అమ్మా. గుండెజబ్బు కాదు, పిచ్చీ కాదు. మందులు, కౌన్సెలింగ్, రెండూ కావాలి. బస్సెక్కడం మళ్ళీ నేర్చుకోవాలి, కొంచెం కొంచెంగా."

మొదటి రెండు వారాలు వికారం, మత్తు. ఆ తర్వాత మెల్లగా తేలికైంది. బస్సెక్కడం నేర్పింది అమ్మ. నాతో ఎక్కి ఒక్క స్టాప్ పోయి దిగేది, వారం తర్వాత రెండు. కండక్టర్ విసుక్కుంటే, "మా ఇష్టం, టికెట్ తీస్కున్నం గద," అనేది.

నాలుగు నెలలకు బాగైపోయాననుకుని ఎవరికీ చెప్పకుండా గోళీలు ఆపేశాను. చైతన్యపురి దగ్గర మళ్ళీ వచ్చింది, మొదటిసారి కంటే గట్టిగా. "మందు ఎప్పుడు ఆపాలో ఇద్దరం కలిసి చూద్దాం. నీ ఒక్కదాని నిర్ణయం కాదు," అంది డాక్టరమ్మ, కోపం లేకుండా. మళ్ళీ ఒక్క స్టాప్ నుంచి మొదలుపెట్టాం. తెలంగాణ వచ్చిన ఏడే దిల్‌సుఖ్‌నగర్ దాకా ఒంటరిగా పోయి, తిరిగి ఒంటరిగా వచ్చాను. నాయిన స్టాప్‌లో స్వీట్ డబ్బాతో నిలబడి ఉన్నాడు.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక బ్యాంకులో పనిచేస్తున్నాను. డాక్టరమ్మ చెప్పాకే మందులు ఆగాయి. ఎప్పుడైనా మెట్రోలో గుండె దడదడలాడితే, "వచ్చినవా, కూసో," అనుకుంటాను. కాసేపు కూర్చుని పోతుంది.

మీ ఇంట్లో చెప్పాలని ఉండి నోరు రాకపోతే నేను చెప్పేది ఒక్కటే. రెండు వారాలు తేదీలతో రాయండి, ఆఖరున మీకు కావలసినదాన్ని ఒక్క వాక్యంలో పెట్టి, వాళ్ళ చేతికివ్వండి. మొదటిసారి నవ్వితే రెండోసారి ఇవ్వండి.

పోయిన ఏడు నాయిన ప్లాట్ల పని మానేశాడు. కొన్నాళ్ళకు ఒకరోజు నేను ఆఫీసు నుంచి రాగానే మడిచిన కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. అన్నం సయించడం లేదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు, ఊరికే ఏడుపొస్తోంది. అన్నిటికీ తేదీలు వేశాడు, కింద సంతకం కూడా చేశాడు. సంతకానికి పైన ఒక్క వాక్యం: "నాతోటి దవాఖానకు ఎవలన్న రావాలె."

నేను గంతేనా అనలేదు. విప్పిన చెప్పులు మళ్ళీ వేసుకుని, "పద నాయినా," అన్నాను.