జామ జెల్లీ మసకబారిన ఏడాది

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. నా పదో ఏట మా అత్త చేసిన జామ జెల్లీ మసకబారడానికి కారణం కాయలు కావు, ఆవిడ చెయ్యీ కాదు, నేను. ఏలూరులో నేను అద్దెకుంటున్న ఈ ఇరుకు వంటగదిలో ఇవాళ దోర జామకాయలు ఉడుకుతుంటే, తీపీ వగరూ కలిసిన ఆ ఆవిరి కిటికీ అద్దాన్ని కమ్ముతుంటే, ఇంకా డైరీలోనే దాచుకోవడం బాగుండదనిపించింది.

అత్త అంటే నాన్నకు అక్క. పెళ్లి చేసుకోలేదు; తాడేపల్లిగూడెంలో మాతోనే ఉంటూ బడిలో పాఠాలు చెప్పేది. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో నేర్చుకున్న ఈ జెల్లీని ప్రతి డిసెంబరులో, పొద్దెక్కినా మంచు విడవని రోజుల్లో, చర్చిలో క్రిస్మస్ పాటల సాధన మొదలయ్యే వారంలో చేసేది. కాయలు ముక్కలు కోసి, మునిగేలా నీళ్లు పోసి మెత్తగా ఉడికించి, స్టూలును తిరగేసి దాని నాలుగు కాళ్లకు నాన్న పాత పంచె గుడ్డ కట్టి, అందులో ఆ గుజ్జు పోసేది. కింద గిన్నెలోకి రసం బొట్టు బొట్టుగా, తనంతట తానే దిగాలి. గుడ్డను పిండకూడదు, కదపకూడదు. ఆ రసంలో పంచదార, నిమ్మరసం వేసి కాస్తే కెంపు రంగు తిరిగేది. చల్లారాక సీసా వెనక పేపరు పెట్టి అక్షరాలు చదివి చూసేది. చదవగలిగితేనే ఆవిడ లెక్కలో అది జెల్లీ.

అవి చుట్టాలకు కాదు. ఆ ఏడాది మాకు మేలు చేసినవాళ్లకు. అత్త ముందే పేర్లు రాసుకునేది, ఎన్ని పేర్లో అన్నే సీసాలు. సంచీ పట్టుకుని నేను వెనక నిలబడితే, గుమ్మంలో ఆవిడే మాట్లాడేది: "మా తమ్ముడికి జ్వరమొచ్చినప్పుడు అంత వానలో వచ్చి సూదిమందు వేసి వెళ్లారు కదండీ, అందుకండీ." ఎందుకిస్తున్నదీ చెప్పకుండా ఒక్క సీసా కూడా ఎవరి చేతిలోనూ పెట్టేది కాదు.

ఆ ఏడాది ఆ పేర్లలో చేర్పించాలని నా మనసులోనూ ఒక పేరుంది. లైబ్రరీ సుగుణగారు. పిల్లల అలమారలో పుస్తకాలన్నీ చదివేశానని నేను చెప్పకుండానే కనిపెట్టి, పెద్దవాళ్ల అలమారలోంచి తనే ఎంచి ఇచ్చేవారు. మూసే వేళ దాటినా నా చేతిలో పేజీ అయ్యేదాకా, తాళంచెవులు చప్పుడు కాకుండా గుప్పిట్లో పట్టుకుని కూర్చునేవారు. ఆవిడ పేరూ రాయమని అత్తను అడిగితే సరిపోయేది. అడుగుదామనుకుంటూ మూడు రోజులు పెరట్లోకీ వంటింట్లోకీ తిరిగాను. అడగనేలేదు.

నాలుగో రోజు అత్త గుజ్జు గుడ్డలో పోసి, మధ్యాహ్నం పాటల సాధనకు వెళ్లింది. గుడ్డ బరువుగా వేలాడుతోంది. ఇంకో సీసాకు సరిపడా రసం అందులో ఉందనిపించి, రెండు చేతులతో గట్టిగా పిండేశాను.

సీసా ఒకటి ఎక్కువే వచ్చింది. కానీ ఏ సీసా వెనకా అక్షరం కనపడలేదు. అత్త ఒక్కొక్కటే వెలుగుకు పెట్టి చూసి, కాయలు మరీ పండిపోయాయేమోనంది. ఆఖరి సీసా కింద పెట్టి, తన చెయ్యి తప్పుతోందేమోనంది. అప్పుడైనా నేను నోరు విప్పలేదు. ఈసారి ఎవరికీ ఇవ్వదేమోనని భయపడ్డాను గానీ, ఆవిడ మానలేదు. ప్రతి గుమ్మంలోనూ మసకగా వచ్చింది ఏమీ అనుకోవద్దని ముందు చెప్పి, ఆ తరవాత ఎందుకిస్తున్నదీ చెప్పింది. నాన్న పథ్యానికి వెతికి వెతికి కొరమీను తెచ్చిపెట్టిన చేపలావిడ సీసాను పైకెత్తి చూసి, "ఏంటండీ టీచరుగారూ, మా కొల్లేరు నీళ్లు గానీ పోశారా ఇందులో" అంది. "నీ కోసమే పోశాన్లే, తిని చెప్పు" అని అత్త నవ్వింది. నేను తల దించుకుని సంచీలోకి చూస్తూ నిలబడ్డాను.

మిగిలిన సీసా ఎవరికిద్దామని అత్త అడిగినప్పుడు, లైబ్రరీకి అని మాత్రం అనగలిగాను. నన్నొక్కదాన్నే పంపింది. సుగుణగారు లోపల పుస్తకాలు సర్దుతున్నారు. సీసా ఆవిడ బల్ల మీద పెట్టేసి, ఒక్క మాటైనా అనకుండా ఇంటికి పరుగెత్తాను. వేసవిలో ఆవిడకు జంగారెడ్డిగూడెం బదిలీ అయింది. ఆ సీసా ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఆవిడకు తెలిసిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే మాత్రం ఆవిడ చలవే.

ఆ లైబ్రరీ గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. చేపలావిడ తట్ట మా వీధిలోకి రావడం ఎప్పుడో మానేసింది. పేర్లు రాసుకుని సీసాలు పంచే ఇల్లు నాకు తెలిసి ఇంకెక్కడా లేదు. అత్తా లేదు.

నిరుడు ఆవిడ ఏలూరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, మొదటిసారి నేను సొంతంగా చేసిన జెల్లీ తీసుకెళ్లాను. చెంచా అంచుతో నాలిక మీద పెడితే కళ్లు మూసుకుని చప్పరించింది. మూత పెట్టేయమంది. మందుల ట్రేతో వార్డు చివర నిలబడ్డ చిన్న వయసు నర్సును చూపించి, సీసా ఆ అమ్మాయికి ఇమ్మంది. ఆయాతో పంపిస్తానన్నాను. అత్త నా చెయ్యి పట్టుకుని ఆపి, ఒక్క మాట చెప్పింది. ఆ తరవాత మగతలోకి జారుకున్న మనిషి మళ్లీ మాట్లాడలేదు.

"నిన్న నిద్ర పట్టకపోతే కాళ్లు పట్టిందమ్మా ఆ పిల్ల. నువ్వే వెళ్లి, ఆ మాట చెప్పి ఇవ్వు."