పంకా కింది పంక్తి

ఆ రోజుల్లో నా దృష్టిలో ప్రమోషన్ అంటే పెద్ద హోదా కాదు, రికార్డు గదిలో పంకా కింద కూర్చుని అన్నం తినడం. కొత్త జిల్లాలు ఏర్పడ్డాక మొదటి విడతలో ఉద్యోగాలొచ్చిన ఆరుగురం భద్రాచలం దారిలోని ఓ మండల ఆఫీసులో చేరాం. మధ్యాహ్నం కాగానే సీనియర్లు ఆ గదిలో చాప పరిచి, క్యారేజీలు విప్పి, కూరలు ఒకరికొకరు వడ్డించుకునేవారు. మేము వరండా మెట్ల మీద, ఎండలో. (అడవి పక్కనే కదా, చల్లగా ఉంటుందనుకుంటారేమో, మే నెలలో ఒకసారి వచ్చి చూడండి.) పిలవనిదే ఆ గదిలోకి ఎవరూ పోరు. "మనది కొత్త బ్యాచ్‌రా, వాళ్ల దయ మనకొద్దు" అని ప్రతిజ్ఞ కూడా చేసుకున్నాం. గట్టిగా అన్నది నేనే.

అలాంటిది ఒకనాడు మా సూపరింటెండెంటు గారు, అంటే మేం పెద్దసార్ అని పిలిచే ఆయన, తలుపులోంచి తొంగిచూసి మా బ్యాచ్‌లోని ఇస్త్రీగాడిని (చొక్కా నలగకుండా బైకు నడిపే ఘనుడు) "ఏమయ్యా, లోపలికి రా, బువ్వ తిందాం" అన్నారు. వాడు ప్రతిజ్ఞ ఊసే ఎరగనట్టు లేచి వెళ్ళాడు. నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. వాడిలో ఏముందని? నాకన్నా మార్కులు తక్కువ, వాడు రాసిన ఫైలు పెద్దసార్ రెండుసార్లు దిద్దాలి! రోజూ తలుపు సందులోంచి వాడి వీపు కనబడుతుంటే నాకు ముద్ద దిగేది కాదు.

ఇక లాభం లేదని ఆదివారం ఖానాపురం హవేలిలోని ఇంటికి పోయి, అమ్మను బతిమాలి నాటుకోడి పులుసు చేయించాను. మర్నాడు ఆ గది ముందు నిలబడి, గిన్నె మూత సరిగ్గా పడలేదన్నట్టు తీసి పెట్టి, తీసి పెట్టి... పెద్దసార్ రానే వచ్చారు. "ఏందయ్యా ఇది? సోమవారం పూట నీసు పట్టుకొని గడప మీదికొస్తవా? జల్దీ తీస్కపో!" మెట్ల మీద మావాళ్లు మాత్రం గిన్నె నాకి మరీ, "నీకు వారం వారం గిట్లనే అవమానం జరగాల్రా మామా" అని దీవించారు.

చివరికి నన్ను లోపలికి చేర్చింది ఉత్త చింతచిగురు పప్పు. వాసన పట్టి పెద్దసారే పిలిచారు. ఇస్త్రీగాడి పక్కనే చోటు! ఆహా, పంకా గాలి! కానీ అక్కడ మాటలన్నీ బీపీ గోళీలు, మోకాళ్ల నొప్పులు. అంతలో మెట్ల మీద మిగిలిన నలుగురూ ఒక్కసారిగా పగలబడి నవ్వారు. ఎందుకో నాకు తెలియదు. పెద్దసార్ ముద్ద ఆపి, "రోజూ గింతే, ఏం నవ్వుతరో ఏమో. మమ్మల్ని ఒక్కనాడన్న పిలిచిన్రా?" అన్నారు చిన్నబుచ్చుకుని. ఇస్త్రీగాడు నా చెవిలో, "వచ్చినవా? నెల సంది బయటికెట్ల పోవాలె అని చూస్తున్నరా నేను" అన్నాడు.

ఇప్పుడు అశ్వారావుపేట వైపు ఇంకో ఆఫీసులో నేనూ పంకా కిందే తింటున్నాను. మొన్న వరండాలో కొత్త పిల్లలు విరగబడి నవ్వుతుంటే ఉండబట్టలేక, గిన్నె పట్టుకుని నేనే వెళ్ళాను. "నమస్తే సార్" అంటూ అందరూ ఎంగిలి చేతులతో లేచి నిలబడ్డారు. నవ్వు ఆగిపోయింది. "ఏం లేదు, పచ్చడుందా అని..." అన్నాను. వేశారు. నేను తలుపు దాటగానే నవ్వు మళ్ళీ మొదలైంది. ఈసారి నా గురించే అయ్యుంటుందనుకుంటే, నిజం చెప్పొద్దూ, కాస్త సంతోషమేసింది.