శనివారం ట్యూషన్ మీద తిరుగుబాటు

పద్నాలుగేళ్ల మా అమ్మాయికి ఫ్రెంచి విప్లవం మీద పరీక్ష పడింది. నేను చాంగీలో బ్యాంకు సాఫ్ట్‌వేర్ చూసుకునే మనిషిని, విప్లవాలతో పెద్దగా పరిచయం లేదు. అయినా కాలేజీలో చదివిన చరిత్ర కాస్త మిగిలి ఉంది, వాడకపోతే పాడైపోతుందని పాఠం చెప్పడానికి కూర్చున్నాను.

"తనకి అధికారం దేవుడిచ్చాడనేవాడు రాజు. ఎందుకని ఎవరూ అడగలేదు. తర్వాత కొందరు, ప్రతి మాటకీ కారణం ఉండాలి, మనిషికి పుట్టుకతోనే హక్కులుంటాయి, అధికారం జనం ఇవ్వాలి అన్నారు. ముందు అమెరికాలో, తర్వాత ఫ్రాన్సులో గొడవ మొదలైంది."

"సో బోరింగ్ లా, నాన్నా," అంది ఇక్కడి పిల్లల యాసలో.

అర్థమయ్యేలా చెప్పాలని ఇంటి ఉదాహరణ తీసుకున్నాను. మా ఇంట్లో రాజెవరో మేముండే పుంగ్గోల్‌లో మా అపార్ట్‌మెంట్ బ్లాకంతటికీ తెలుసు.

"శనివారం మేథ్స్ ట్యూషనంటుంది మీ అమ్మ. నువ్వు వెళ్తావు. ఎందుకని ఎప్పుడైనా అడిగావా? అదీ రాచరికం."

దాని కళ్లు పెద్దవయ్యాయి. పాఠం ఎక్కిందని సంతోషించాను. ఒక్క సంగతి మాత్రం నాకప్పుడు తట్టలేదు. ఫ్రాన్సులో హక్కులు ప్రకటిస్తే, సముద్రం అవతల దాని చెరకు తోటల్లోని బానిసలు కూడా విన్నారు. అయితే మాకూనా అన్నారు. రాసినవాళ్లు అంత దూరం ఆలోచించలేదు.

శనివారం పొద్దున అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, నేను ట్యూషన్‌కి వెళ్లను. డ్రామా రిహార్సల్ ఈ టైమ్‌కే. ఇవాళ వెళ్లకపోతే నా పార్ట్ ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు."

"నీకొచ్చే మార్కులకి డ్రామా ఒకటా? నోర్మూసుకుని వెళ్లు."

"నీకా పవర్ ఎవరిచ్చారు?"

ఉప్మాలో గరిటె ఆగింది. ఉండలు కట్టే ప్రమాదం ఉన్నా ఆగింది.

"ఏమండీ, ఇది మీరు నేర్పిందేనా?"

"సిలబస్‌లో ఉంది," అన్నాను.

"సరే. కారణం చెప్పాలిగా మీ విప్లవంలో? చెప్పవే, ఎందుకు వెళ్లవు?"

"ఆ సార్ చాలా ఫాస్ట్. నాకేం అర్థం కాదు. రెండు గంటలూ పక్కమ్మాయి బుక్ చూసి కాపీ కొడతాను. ఎప్పట్నుంచో అంతే."

"మరి చెప్పి చావవేం?"

"నువ్వు అడగలేదు కదా."

మా ఆవిడ స్టవ్ కట్టేసింది. తర్వాత నావైపు తిరిగి, "మీరేమంటారు?" అంది. ఇది మా ఇంట్లో తరచుగా వినపడే ప్రశ్న కాదు.

నాకూ కొంత స్వార్థం ఉంది ఇందులో. అమ్మాయిని ట్యూషన్‌లో దింపి, కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో స్నేహితులతో కాఫీ తాగుతూ కూర్చుంటాను. ఫ్రాన్సు ప్రభువులకి పన్ను కట్టకపోవడం మీద ఎంత ప్రేమో, నాకా రెండు గంటల మీద అంత. అమ్మాయి నన్నే చూస్తోంది.

"డ్రామాకే వెళ్లనీ," అన్నాను.

"వెళ్లు. లెక్కలు నేను చెప్తాను. అర్థం కాకపోతే కాలేదని చెప్పాలి," అంది మా ఆవిడ.

"నువ్వు అరవకూడదు."

"తక్కువ అరుస్తాను."

ఇద్దరూ దానికి ఒప్పుకున్నారు. అమ్మాయి ఉప్మా కూడా తినకుండా ఎల్‌ఆర్‌టీ రైలు కోసం పరుగెత్తింది. నేను అలవాటుగా చెప్పులు వేసుకోబోయాను.

"మీరెక్కడికి? దింపే పని లేదుగా. ఆ ఫ్యాన్లు తుడవండి."

కారణం అడుగుదామని పైకి చూశాను. ఫ్యాన్లు నిజంగానే మురికిగా ఉన్నాయి.