పెట్టనిచ్చి తెచ్చుకున్న పిల్ల

నా చిన్నప్పుడు కొత్త రిబ్బను చూసి భయపడ్డ పండగ ఒక్కటుంది. అరవై ఏడో, అరవై ఎనిమిదో సంవత్సరం. పాతపట్నం దగ్గర పల్లెలో మాది క్రైస్తవుల వీధి. కోతలయ్యాక చర్చిలో కోత పండగ చేసేవారు. ఎవరింట్లో ఏది మొదట కాస్తే, ఏది మొదట ఈనితే, అది తెచ్చి ముందున్న చాప దగ్గర పెట్టాలి. ప్రార్థనయ్యాక వాటిని వేలం వేసేవారు. ఆ ముందేడు మా ఎర్రావు తొలి పెయ్యను అలాగే ఇచ్చేశారు. శుభ్రంగా కడిగి, మెడకు కొత్త పలుపు కట్టి తీసుకెళ్ళారు. పైఊరి ఆయనెవరో పాడుకుని తోలుకుపోయాడు. నేను రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఈసారి పండగకి ముందు ఆదివారం, సండేస్కూల్లో పాఠం చెప్పే అక్క, మనుషులకైనా పశువులకైనా తొలిచూలు బిడ్డ దేవుడిదేనని బైబిల్లో ఉందని చెప్పింది. ఇంతలో గంట కొట్టేశారు, పాఠం అక్కడే ఆగింది. నేను ఇంటికొచ్చి ఆలోచించుకున్నాను. ఆవు తొలి పెయ్య పోయింది. పాదుకి కాసిన తొలి గుమ్మడికాయ రేపో మాపో పోతుంది. మా అమ్మకి తొలిబిడ్డని నేను. ఆ సాయంత్రమే అమ్మ కొత్త గౌనూ ఎర్ర రిబ్బనూ తీసి చూపించింది. పెయ్యకి పలుపు, నాకు రిబ్బను అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. అడిగితే అవుననేస్తారని భయం.

పండగనాడు పొద్దున్నే గడ్డికుప్ప వెనక దాక్కున్నాను. మా నాన్నకి చెయ్యి ముందు, మాట తరవాత. వెతికి వెతికి విసుగెత్తి కర్ర తీశాడు. అదృష్టం కొద్దీ ఆయనకంటే ముందు మా మామ్మ, అంటే నాన్న తల్లి, నన్ను కనిపెట్టింది.

"ఏటే, పండగపూట ఇక్కడ దాగున్నావేటి?"

"నన్ను దేవుడికిచ్చేయకే మామ్మా. తమ్ముణ్ణి ఎవులాడిస్తారు?"

సంగతంతా విని మామ్మ నవ్వలేదు. అది నాకిప్పటికీ ఆశ్చర్యమే. కొంగుతో నా ముక్కు తుడిచి, కోళ్ళ గూట్లోంచి నల్ల పెట్టను పట్టి చంకన పెట్టుకుంది. రెండో చేత్తో నన్ను పట్టుకుంది.

చర్చిలో అందరూ చూస్తుండగా నన్ను తీసుకెళ్ళి గుమ్మడికాయల పక్కన చాప మీద కూర్చోబెట్టేసింది. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. మామ్మ పాస్టరయ్యగారి చెవిలో ఏదో చెప్పింది. ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఈ పిల్ల ఎవులిది?"

"దేవుడిదండి. మాకు మళ్ళీ కావాలండి."

"బదులేటి తెచ్చినావు?"

మామ్మ పెట్టను నా ఒళ్ళో పెట్టింది. అయ్యగారు నా తలమీద చెయ్యేసి ప్రార్థన చేశారు. పెట్టను చాప మీద ఉంచి, నన్ను లేపి మా నాన్న చేతికిచ్చారు. "దేవుడు మళ్ళీ నీకే ఇచ్చినాడు. జాగర్తగా సూసుకో" అన్నారు. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి నాకు. ఆ మధ్యాహ్నం మూడుసార్లు అన్నం వేయించుకున్నాను.

"ఆ అక్క సగమే సెప్పింది. తొలిబిడ్డ నాదే అన్నాడు గాని, ఉంచేసుకుంటానన్నాడేటి? బదులిచ్చి ఇంటికి తెచ్చుకోమన్నాడు" అంది మామ్మ, దారిలో. ఆ మాట మగపిల్లల గురించేనని పెద్దయ్యాక నేనే చదువుకున్నాను. మామ్మకి తెలియక కాదు. ఆవిడ దృష్టిలో తొలిబిడ్డంటే తొలిబిడ్డే.

నాన్న కోపం ఆ రోజుతో పోలేదు. కానీ ఆయన చెయ్యి లేచినప్పుడల్లా మామ్మ ఉన్నచోటు నుంచే, "పెట్టనిచ్చి తెచ్చుకున్నాం రా దాన్ని" అనేది. చెయ్యి కిందికి దిగేది. తరవాత తరవాత తమ్ముడి మీదా లేవడం మానేసింది.

నేనూ తల్లినయ్యాను, ఇప్పుడు మామ్మనయ్యాను. విసుగులో నా చెయ్యీ చాలాసార్లు లేచింది. లేచిన ప్రతిసారీ ఆ నల్ల పెట్ట నా ఒళ్ళో వెచ్చగా కదిలినట్టుంటుంది. చెయ్యి దించేసుకుంటాను.