రియాద్‌లో విచారణకు నిలబడ్డ బర్రె

కువైట్ యుద్ధానికి కొద్ది వారాల ముందు నేను రియాద్‌లో దిగాను. నేను దిగడం వల్లే యుద్ధం వచ్చిందని మా రూంలో వాళ్లు చాలాకాలం నమ్మారు. నేనూ పెద్దగా కాదనలేదు. అమలాపురం దాటి మొదటిసారి బయటికొచ్చిన మనిషికి అంతటి పలుకుబడి ఉందంటే ఎవరికి చేదు?

సైరన్ మోగితే విషవాయువు లోపలికి రాకుండా కిటికీల సందులకు టేపు అంటించుకొని కూర్చోవాలి. మా వీధిలో ఒక దుకాణదారు ఉండేవాడు. ఊళ్లో ఉన్న టేపు చుట్టలన్నీ తన వెనకగదిలో పేర్చుకొని, రేపు ఇంకా పెద్ద దాడి ఉందట అని తనే ఒక పుకారు వదిలి, అది వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాక ఒక్కో చుట్టా బయటికి తీసేవాడు. ఒక ఉదయం మునిసిపాలిటీ మనుషులిద్దరు వచ్చారు. కేక లేదు, కొట్లాట లేదు. దుకాణం మూయించి, తలుపు మీద ఒక కాగితం అంటించి వెళ్లిపోయారు. దాన్ని అంటించడానికి వాళ్లు వాడింది అతని టేపే.

సరుకు దాచడం, మాట పుట్టించడం, చివరికి తలుపు మీద కాగితం. మార్కెట్ నేరం గురించి నాకు అప్పుడు తెలిసింది అంతే. పదేళ్లు దాటాక ఆ దేశానికి షేర్ల జ్వరం పట్టినప్పుడు కూడా అంతకంటే ఎక్కువ తెలియదు. ఏం జ్వరం అది! క్షవరం చేసేవాడు సగం గడ్డం మీద కత్తి ఆపి టీవీలో ధరలు చూసేవాడు. మిగతా సగం గడ్డంతో మార్కెట్ మూసేదాకా కూర్చున్నవాళ్లను రియాద్ నిండా నేను చూశాను. సరే, ఒకణ్ణి చూశాను.

ఆ రోజుల్లోనే మార్కెట్‌కి కాపలాగా ఒక సర్కారు సంస్థ పెట్టారు. అందులో కంప్యూటర్లు బాగుచేసే కాంట్రాక్టు మా కంపెనీది, మా కంపెనీ తరఫున ఆ మేడంతా తిరిగేవాణ్ణి నేను. అక్కడి విచారణ అంటే లాఠీలూ లైట్లూ అనుకున్నాను. కుర్రవాళ్లు తోబులనే తెల్లటి పొడుగు అంగీల్లో కూర్చొని, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, ఒక తెర మీద ఎవరు ఏ నిమిషాన ఏ షేరు అమ్మారో, పక్క తెర మీద అదే నిమిషాన ఎవరు ఎవరితో ఫోన్లో మాట్లాడారో పెట్టుకొని చూస్తుండేవాళ్లు. ఒక కంపెనీ చెడ్డ కబురు బయటపెట్టే ముందు ఎవడైనా గబగబా అమ్ముకున్నాడా, వాడికి ముందే ఎవరు చెప్పారు? వాళ్ల పనంతా ఈ ప్రశ్న చుట్టూనే. అక్కడ ఏసీ ఎంత చల్లగా ఉండేదంటే, నేరం చేసినవాడు వెచ్చగా ఉండే జైలుకి పంపమని తనే అడుగుతాడని నా నమ్మకం.

ఒక మధ్యాహ్నం వాళ్లలో ఒక అధికారి చెవులకు పెట్టుకునే ఫోన్లు పట్టుకొని నా దగ్గరికొచ్చాడు. తబూక్ వైపు వాడు, అక్కడ వాళ్ల నాన్నకు గొర్రెలూ ఒంటెలూ ఉన్నాయని మేడలో అందరికీ తెలుసు. ఒక టేపులో రికార్డయిన ఫోన్ మాటలు ఏ భాషో చెప్పమన్నాడు. అప్పటికే ఆ టేపును లక్నో వాడైన దుబాసీకి వినిపించారట. అతను మలయాళం అన్నాడట. టీ ఇచ్చే మలయాళీ తమిళం అన్నాడట. గేటు దగ్గరి తమిళుడు రెండుసార్లు విని, మనుషుల భాష కాదన్నాడట. నేను చెవికి పెట్టుకోగానే మన తెలుగు, అందులోనూ కరీంనగర్ జిల్లా తెలుగు, గలగలమంటూ వచ్చి పడింది. పడుతూ పడుతూ నా గుండెను కూడా పట్టుకుపోయింది. ఎందుకంటే ఆ గొంతు నాకు తెలుసు.

మా రూంలో నాతో ఉన్న, నాకంటే కొన్నేళ్లు పెద్దవాడైన ఒక అన్నది ఆ గొంతు. బ్రోకర్ కంపెనీలో, కస్టమర్లు చెప్పిన కొనుగోళ్లూ అమ్మకాలూ కంప్యూటర్‌లో ఎక్కించే గదిలో పని. ఆ గదిలోకి సెల్‌ఫోన్ తీసుకెళ్లనివ్వరు. బల్ల మీద ఫోన్లో మాట్లాడే ప్రతి మాటా రికార్డవుతుంది. ఆ సంగతి అన్నకు తెలుసు. కానీ తెలుగు కూడా రికార్డవుతుందని ఆయనకు తోచలేదు. ఊళ్లో ఉన్న వదినకు ఆ నంబరే ఇచ్చాడు.

అన్నది అప్పుడు చాలా నాజూకు పరిస్థితి. పదకొండేళ్లు రూంలో వండుకు తిన్నాక వదినకూ పాపకూ ఫ్యామిలీ వీసా పడింది. మూడు వారాల్లో వాళ్లు దిగకపోతే దాని గడువు అయిపోతుంది. ఈలోగా ఏదో విచారణ మొదలైందని, అదేమిటో చెప్పకుండానే, అది తేలేదాకా ఆయన ఇకామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, రెన్యూ చేసేది లేదని కంపెనీ చెప్పేసింది. ఇకామా లేకపోతే కుటుంబం రాదు. తేడా వస్తే పాస్‌పోర్టులో ఎగ్జిట్ ముద్ర కొట్టి ఆయన్నే పంపేస్తారు.

నేను వెంటనే అధికారికి చెప్పేశాను, ఈయన నాకు అన్నలాంటివాడని. అతను ఆ మాట రాసుకొని, నా తర్జుమాను తర్వాత హైదరాబాద్‌లో ఇంకొకరితో సరిచూయిస్తానన్నాడు. అంటే అబద్ధమాడే వీలు అక్కడితో పోయింది. అబద్ధంతో నాకెప్పుడూ పనిలేదు. నా ఇబ్బందల్లా పెంచి చెప్పడంతోనే.

రెండో రోజు అన్నను పిలిపించారు. ‘హైఆ’ నుంచి కబురు అన్నారట. అరబ్బీలో ఏ సర్కారు సంస్థనైనా హైఆ అనవచ్చు గానీ, మన జనానికి తెలిసిన హైఆ ఒక్కటే, నమాజు వేళకు దుకాణాలు మూయించే మత పోలీసులు. అందుకని అన్న పొడుగు చేతుల చొక్కా మెడదాకా గుండీలు పెట్టుకొని, వాళ్లకు పెద్ద మీసం గిట్టదని విని మీసం తీయించుకొని వచ్చాడు. తీరా లోపల షేర్ల సంగతి అని తెలిశాక ఆ మీసం వృథా అయిందని ఆయన బాధ.

కుర్చీలో కూర్చుంటూనే నన్ను చూసి తెలుగులో మెల్లగా అన్నాడు. “తమ్మీ, నువ్వా! ఇగ నా పని ఖతం. జర ఉన్నది ఉన్నట్టు చెప్పు బిడ్డా. నువ్వు పిల్లిని చెప్తే పులి అయితది.”

అధికారి ఆయన ఏమన్నాడని అడిగాడు. పిల్లితో సహా చెప్పాను.

తర్వాత అధికారి తన అనుమానం బయటపెట్టాడు. టేపులో భాష అర్థం కాకపోయినా మూడు మాటలు వాళ్లకు స్పష్టంగా వినిపించాయట. బర్రా. అమ్మీ. సహమ్. అరబ్బీలో బర్రా అంటే బయట. అమ్మీ అంటే మా బాబాయి. సహమ్ అంటే షేరు. బయట ఉన్న బాబాయి ఎవరు, ఏ షేరు సంగతి చెప్పాడు? అన్న ముఖం తెల్లబోయింది. ఆయనకున్న ఒక్కగానొక్క బాబాయి జగిత్యాలలో బట్టల కొట్టు నడుపుతాడు.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోవడానికి నేను పడ్డ అవస్థకు రియాద్‌లో చిన్న భూకంపం నమోదై ఉండాలి. బర్రా కాదు, బర్రె. మా కోనసీమలో గేదె అంటాం. అమ్మీ ఎవరి బాబాయీ కాదు, అమ్మేసి అని అర్థం. సహమ్ కాదు, సగం. ఇలా విడమరిచి చెప్పగానే అధికారి పెదవుల మీద కూడా కాస్త నవ్వు కదిలింది. గండం గడిచిందనుకున్నాను.

“అయితే ఇప్పుడు మొత్తం వాక్యం చెప్పు,” అన్నాడు.

మొత్తం వాక్యం టేపులో ఇలా ఉంది: “పాలు సగానికి పడ్డయని ఎవ్వలకు తెల్వకముందే బర్రెను అమ్మి, టికెట్ల సంగతి చూడు.” దానికి వదిన “చూస్త తీ” అంది. లైన్ కట్టయింది.

అక్కడ గమ్మత్తేమిటంటే, వాళ్లు విచారిస్తున్న కంపెనీ పాల కంపెనీ. ఆ ఫోన్ తర్వాత వారానికి ఆ కంపెనీ, మా పాల దిగుబడి బాగా తగ్గిందని ప్రకటించింది. షేరు ధర నేలను తాకింది. ప్రకటనకు ముందే ఎవరో దండిగా అమ్ముకొని బయటపడ్డారు. ఆ అమ్మకాలు ఎక్కింది అన్న కూర్చునే గదిలోనే.

అరబ్బీలో తప్పుగా విన్నప్పుడు అన్న మీద ఉన్నది అనుమానమే. తెలుగులో సరిగ్గా చెబితే అది నేరాంగీకారంలా ఉంది. పాలను పెరుగు చేద్దామా, సగాన్ని కాస్త అనేద్దామా, బర్రెను మేకగా దించేద్దామా అని నా బుర్ర గానుగలా తిరిగింది. అన్న నావైపే చూస్తున్నాడు. జీవితంలో మొదటిసారి ఒక వాక్యాన్ని ఉప్పు కారం లేకుండా, ఉడకబెట్టిన సొరకాయలాగా అధికారి ముందు పెట్టాను.

అధికారి దాన్ని రాసుకున్నాడు. తర్వాత, ఆ బర్రె నిజంగా ఉందా అని అడిగాడు. ఉందని అన్న ప్రమాణం చేయబోయాడు. అధికారి ప్రమాణాలు వద్దని, ఇంటికి ఫోన్ కలిపి స్పీకర్ మీద పెట్టమని నాతో అన్నాడు. మీ నోరు మాత్రం కదలకూడదని అన్నకు చెప్పాడు.

వదిన సెల్ ఎత్తింది. నేను ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానని, బర్రె సంగతి అడగాలని అన్నాను.

“బర్రె సంగతా? వీసాకు బర్రె కూడ చూపెట్టాల్నా తమ్మీ?”

అధికారి అడగమన్నది అడిగాను. ఆ బర్రె ఈని ఎన్నాళ్లయింది? షేర్ల విచారణలో ఈ ప్రశ్న అడగడం ఏ దేశంలోనూ జరిగి ఉండదు. కానీ ఒంటెల మధ్య పెరిగినవాడికి పాలు ఊరికే పడిపోవని తెలుసు.

“ఎనిమిది నెలలాయె. మల్ల సూడిది. ఇగ పాలేడికెల్లి వస్తయ్?” అంది వదిన, అంత చిన్న విషయం తెలియని ఆఫీసు అదెలాంటి ఆఫీసో అన్నట్టు.

సూడిది అంటే కడుపుతో ఉంది అని చెప్పాను. అధికారి తల ఊపాడు. అమ్మేశారా అని అడగమన్నాడు.

“అమ్మిన. మీ అన్న అయితే ఎవ్వలకు చెప్పకుంట అమ్ముమన్నడు. గట్లెట్ల అమ్ముత? పక్క ఊరాయిన వచ్చిండు. పొద్దుగాల, మాపటికి రెండు పూటలు ఆయిన ముంగటనే పిండి చూపిచ్చిన. గిన్ని పాలే ఇస్తది, సూడిది, ఈనినంక మంచిగిస్తది అని చెప్పిన. తక్కువకే పోయింది. పోతే పోనీ. రేపు నేను అక్కడుంటె, ఆయిన మా అత్తను పట్టుకొని అడగడా?” కాస్త ఊపిరి తీసుకొని అంది, “మీ అన్న పక్కకే ఉన్నడా? దగ్గుతున్నది ఎవ్వలు?”

నిజంగానే దగ్గు అన్నదే. నోరు కదపవద్దన్నారు, దగ్గొద్దని చెప్పలేదు.

నేను ఆ మాటలన్నీ తర్జుమా చేశాను, పక్క ఊరాయనతో సహా, దగ్గుతో సహా. అధికారి అంతా రాసుకొని కలం మూసి అన్నకేసి తిరిగాడు.

“మీరు చేయమన్నదీ ఆమె చేసిందీ ఒకటి కాదు,” అన్నాడు. “గేదెలు నా పరిధిలోకి రావు. అది మీ అదృష్టం.”

ఈ తర్జుమా చేస్తున్నప్పుడు మాత్రం నేను కొద్దిగా పెంచి ఉంటాను. అదృష్టం పక్కన ‘మహా’ అనే మాట ఒకటి తగిలించినట్టు గుర్తు.

ఒక్క ఫోన్‌తో అన్నను వదిలేయలేదు. హైదరాబాద్‌లో ఎవరో టేపు విని నా తర్జుమా సరేనన్నారు. అన్న పేరు మీద గానీ ఆయన బంధువుల పేరు మీద గానీ ఆ షేర్లు లేవని చూసుకున్నారు. ఆ తర్వాత వాళ్లు తమ తెరల దగ్గరికి తిరిగి వెళ్లి, ముందుగా అమ్ముకున్నవాళ్లు ఎవరెవరి చుట్టాలో వెతికారు. దారి తిన్నగా ఆ పాల కంపెనీ లెక్కల విభాగానికే వెళ్లింది. అక్కడి ఒక పెద్దమనిషి తన బావమరిదికి ముందే చెప్పాడు. అతను వేరేవాళ్ల ఖాతాల్లోంచి అమ్మాడు. దాచుకున్న లాభమంతా కక్కించారు, పైన జరిమానా వేశారు, మార్కెట్ పనిలో కొన్నేళ్లు అడుగుపెట్టకూడదన్నారు. సంస్థ వెబ్‌సైటులో దాని గురించి నాలుగు పొడి వాక్యాలు వచ్చాయి. నా టేపు దుకాణదారు తలుపు మీద కాగితంలాగే. అందులో బర్రె ప్రస్తావన లేదు. నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది.

బల్ల ఫోన్‌ను ఇంటి మాటలకు వాడినందుకు అన్నకు కంపెనీ ఒక మెమో ఇచ్చింది. ఇకామా చేతికొచ్చింది. వీసా గడువుకు నాలుగు రోజులుండగా వదినా పాపా దిగారు. అన్న పాపను ఎత్తుకోబోతే అది నాన్నను చూసి వదిన చీర వెనక్కి వెళ్లింది. ఫోటోలో మీసం ఉందట.

మరుసటి శుక్రవారం నన్ను భోజనానికి పిలిచారు. ఆ అధికారికి అని వదిన ఊరినుంచి, అమ్మకముందు తీసిన ఆ బర్రె వెన్న కాచిన నెయ్యి సీసా తెచ్చింది. అతను తీసుకోడని, తీసుకుంటే అతని మీద ఇంకొక విచారణ పెట్టాల్సి వస్తుందని నేను చెప్పాను. అయితే నువ్వే తిను అని పప్పులో సగం సీసా వంచింది. ఆ పూట నేను తిన్న అన్నం సంగతి చెబితే ఎవరూ నమ్మరు, అందుకే చెప్పను.

భోజనం చివర అన్న మజ్జిగ అడిగాడు. వదిన చెంబు తెచ్చి, వంచే ముందు ఆయన ముఖంలోకి చూసి ఆగింది.

“సగం నీళ్లే,” అంది. “ముందుగాల్నే చెప్తున్న.”

అన్న గ్లాసు పట్టాడు. “పొయ్యి తల్లీ,” అన్నాడు.