కందిరీగా, పెద్దసారు టమాటా మడీ

ఉద్యోగంలో చేరాక కందిరీగ సాధించిన మొట్టమొదటి ఘనకార్యం, కంప్యూటర్‌లో టమాటా మొక్కల్ని నాలుగో ఏట చంపడం.

నవ్వకండి. అంతకు ముందు అవి చచ్చేవి కావు. వాళ్ల వ్యవసాయ పరిశోధన ఆఫీసులో దిగుబడి లెక్కకి వాడే ప్రోగ్రాములో ఒకే మడిలో ఏటా ఒకే పంట వేసుకుంటూ పోయినా, ఇరవై ఏళ్లకి కూడా దిగుబడి చెక్కుచెదిరేది కాదు. ఎందుకంటే ఏడాది మారగానే ఆ ప్రోగ్రాము పాత మట్టిని పారబోసి కొత్త మట్టితో మొదలెట్టేది. నిరుడు ఏ పంట వేశారు, అది నేలలోంచి ఏం లాగేసింది, వేళ్ల దగ్గర ఎన్ని నులిపురుగుల్ని వదిలిపోయింది, ఒక్కటీ గుర్తుండేది కాదు. నిన్నటి పోట్లాట మర్చిపోయి పొద్దున్నే నవ్వుకుంటూ లేచే చంటిపిల్లలా ఉండేది ఆ నేల.

దానికి జ్ఞాపకం తెప్పించింది కందిరీగ. ఈ ఏడాది మిగిలిన మట్టినే వచ్చే ఏడాదికి అందించేట్టు రాసింది. ఆ రాతకి ఒక చలికాలమూ ఒక ఎండాకాలమూ హారతి కర్పూరమైపోయాయి. మధ్యలో ఒకసారి లెక్క తప్పి ఒక్కో టమాటా ఎద్దంతైంది. ఇంకోసారి మడి మొత్తం మాయమైంది. చివరికి ఒక మధ్యాహ్నం తెర మీద దిగుబడి గీత నాలుగో ఏట ఠక్కున కిందికి దిగింది. కందిరీగ కుర్చీలోంచి లేచి, "చచ్చాయి," అంది తృప్తిగా. పక్క బల్లలవాళ్లు ఎవరింట్లో ఏం జరిగిందోనని కంగారుపడ్డారు.

బడిలో చక్కటి దస్తూరికి బహుమతి, ఒక్క మార్కు కోసం లెక్కల మాస్టారితో వారం రోజులు వాదించి గెలవడం, కాలేజీలో మొదటి స్థానం, ఇవన్నీ ఆ పిల్ల ఖాతాలో ముందునించీ ఉన్నవే. పెద్దగా చెప్పుకోవలసినవి కావు గానీ, చెప్పకపోయినా బాగుండదు. ఏదైనా ప్రశ్న పట్టుకుంటే కుట్టేదాకా వదలదని చిన్నప్పుడే ఇంట్లో ఆ పేరు పెట్టారు. ఆఫీసుకి ఎవరు మోశారో గానీ, అక్కడా అదే స్థిరపడింది.

ఆఫీసుకి దూరంగా పాత ప్రయోగ క్షేత్రం ఒకటుంది. అక్కడ సగం పొలంలో ఏళ్ల తరబడి ఒకే పంట, మిగతా సగంలో పంట మార్చి పంట. కంప్యూటర్ చెప్పేది నిజమో కాదో తేల్చుకోవాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. ఒక పంటకాలం అక్కడుండి పని చెయ్యడానికి ఒక్కరినే పంపుతారు. కందిరీగ ప్రాణమంతా దాని మీదే. పంపే సంతకం మాత్రం పెద్దసారు చేతిలో ఉంది.

"నా కళ్లముందున్న మడి సంగతి సరిగ్గా చెప్పు. ఆ తర్వాత ఎక్కడో ఉన్న పొలానికి వెళ్దువుగాని," అన్నారాయన.

ఆఫీసు వెనక గోడవార ఆయనకో టమాటా మడి ఉంది. ఏటా అదే మడి, అవే టమాటాలు. ఇది ఎనిమిదో ఏడు. చుట్టూ ఆకుపచ్చ వల కట్టించారు. కొత్తవాళ్లని చూస్తే మొక్కలు బెదురుతాయని ఎవరినీ లోపలికి రానివ్వరు. కాపు రోజుల్లో సోమవారం సోమవారం బుట్టెడు టమాటాలు తెచ్చి అందరికీ పంచుతారు. బుట్ట ఏనాడూ తగ్గలేదు.

కందిరీగ రాసిన కంప్యూటర్ మోడల్ ప్రకారం ఆ మడి ఎప్పుడో మంచం పట్టాలి.

"నీ మోడలుకి దిష్టి కళ్లున్నట్టున్నాయమ్మా," అన్నారు పెద్దసారు, ఆమె చేతిలో ఒక ఎర్రటి పండు పెడుతూ.

కందిరీగకి నిద్ర పట్టలేదు. తప్పు తనదేననుకుంది. మట్టిలో నత్రజని పెంచింది. నులిపురుగుల ఆకలి తగ్గించింది. టమాటా వేళ్లకి లేని పౌరుషం పోసింది. ఎంత నచ్చజెప్పినా గీత బుట్టతో కలవడం లేదు. ఇక మిగిలింది నేల జ్ఞాపకాన్ని మళ్లీ తుడిచెయ్యడమే. ఆ పని ఆదివారం చెయ్యాలని గుండె రాయి చేసుకుంది.

శనివారం సాయంత్రం అమ్మమ్మ వంటింట్లో పెద్దసారు పంచిన టమాటాలు కడుగుతూ కేకేసింది. "ఏమే, మీ సారు మొక్కలు చదువుకున్నవా?"

"అదేం ప్రశ్న అమ్మమ్మా?"

"పండు మీద స్టిక్కరుతో సహా కాశాయి మరి."

కందిరీగ పరుగున వచ్చి చూసింది. బజారు కొట్లో అంటించే గుండ్రటి స్టిక్కరు. అంటే ఇన్ని వారాలూ తన మోడల్ని బజారు టమాటాలకి సరిపెడుతూ కూర్చుందన్నమాట. అమ్మమ్మ గోడకి చేరగిలబడి నవ్వుతుంటే, ముందు ఉక్రోషం, వెనకాలే నవ్వు వచ్చాయి ఆ పిల్లకి. స్టిక్కరు మాత్రం జాగ్రత్తగా ఊడదీసుకుంది.

సోమవారం మార్చని గీతనే అచ్చు తీసి, నాలుగో ఏడు దగ్గర స్టిక్కరు అంటించి, పెద్దసారు బల్ల మీద పెట్టింది.

ఆయన స్టిక్కరు చూశారు. వెళ్లి తలుపు దగ్గరికి వేసి వచ్చారు.

"ఇది ఇక్కడే ఎందుకు అంటించావమ్మా?"

"మోడల్లో దిగుబడి అక్కడే పడింది సార్."

"నాలుగో ఏటా?"

"నాలుగో ఏట."

పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మొదటిసారి నేను సంచీ పట్టుకుని బజారుకి వెళ్లింది ఆ ఏడే. ఆకులు నాలుగు రోజులు పచ్చగా ఉండి వాడిపోతాయి, కాయ నిలవదు. సోమవారం పొద్దున్న అందరూ గుమ్మంలోనే ఎదురుచూస్తుంటారు. లేవని ఏ మొహంతో చెప్పను?"

"అయితే నా లెక్క సరైందేనా సార్?"

"సరైందే. నా సంచీ సాక్షి." ఆమెను క్షేత్రానికి పంపే కాగితం లాక్కుని సంతకం పెట్టారు. "ఈ మాట గది దాటకూడదు."

దాటలేదు. అమ్మమ్మకి ముందే తెలుసు, అది వేరే సంగతి.

వల ఇప్పుడు తీసేశారు. మడిలో టమాటాలు పీకి చిక్కుడు గింజలు నాటారు పెద్దసారు. బయల్దేరే రోజు కందిరీగ ఆ మడిని కూడా కంప్యూటర్‌కి ఎక్కించి, మొదటి కోత ఎప్పుడో చెప్పి మరీ బండెక్కింది.

"కాయకపోతే?" అన్నారాయన కిటికీ దగ్గర నిలబడి.

"బజారు ఎక్కడికీ పోదుగా సార్. కాకపోతే ఈసారి స్టిక్కర్లు వెతకడానికి నేనే వస్తా."

కోత ఏ రోజని చెప్పిందో ఆ రోజుకే తిరుగు టిక్కెట్టు కూడా తీసుకుంది. మార్చి ఇరవై మూడు.