ఇత్తడి చెంబులో ఆఖరి చీటీ

పదేళ్లు దాటింది. ఈ మాట గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. తోటి లెక్చరర్లకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. ఇందులోనూ పిరికితనమే ఉంది కదా? ఉండనీయండి. ముందు చెప్పనివ్వండి.

ఎమర్జెన్సీ పోయిన కొత్త. హనుమకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ని. ఉద్యోగం టెంపరరీ. వేసవికి తీసేస్తారు, జూన్‌లో దయ కలిగితే మళ్లీ పిలుస్తారు. క్లాసులో మాత్రం నేనే రాజు. సంభావ్యత పాఠం జరిగినన్నాళ్లూ ‘నసీబ్’, అదే అదృష్టం అన్న మాట ఎవరి నోట వచ్చినా బెంచీ ఎక్కించేవాణ్ని. నసీబ్ లేదు, గిసీబ్ లేదు, లెక్క ఉంది అని గొంతు చించుకునేవాణ్ని. ఎంత గర్వమో నాకు!

పాఠం కోసం ఇంటి నుంచి ఇత్తడి చెంబు తెచ్చేవాణ్ని. దాని మూతి ఇరుకు. చెయ్యి పోతుంది, చూపు పోదు. అందులో చింతగింజలు వేసేవాణ్ని. మా వైపు పిల్లలు పచ్చీసు ఆడటానికి గింజను బండ మీద ఒకవైపు అరగదీసి తెల్లగా చేస్తారు. అలాంటివి కొన్ని, అరగదీయనివి కొన్ని. చూడకుండా ఒకటి తీస్తే తెల్లది వచ్చే సంభావ్యత ఎంత అని అడిగేవాణ్ని. ఏటా అదే ప్రశ్న, అదే జవాబు. ఆ ఏడు మాత్రం సారక్క లేచి నిలబడింది. ములుగు అవతల అడవి పక్క ఊరి పిల్ల. ఆ ఊళ్లో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల.

“సార్, అరగదీసింది చేతికి ఎర్కయితది. కావాల్నంటే అదే ఏరుకోవచ్చు గద.”

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి చెంబులో చెయ్యి పెట్టాను. నిజమే. తెల్లది వేలికి తగలగానే తెలిసిపోతోంది. అన్నిటికీ సమానంగా అవకాశం ఉంటేనే ఈ లెక్క నిలుస్తుందని నోటితో చెప్పేవాణ్ని నేను. ఆ పిల్ల దాన్ని వేలికొసతో పట్టేసింది. ఎంత సంబరపడ్డానో! మరునాడే ఒకే సైజు రంగు గోలీలు కొనుక్కొచ్చాను. ఆ పిల్ల దగ్గర నేనేం నేర్చుకున్నానో తర్వాత చెబుతాను.

ఆ వారమే చీటీల లెక్క చెప్పాను. ఐదు చీటీలు, ఒక దాంట్లోనే బహుమతి. మొదట తీసినవాళ్లకు ఐదింట ఒక వంతు. మరి ఆఖరున తీసేవాళ్లకు? సారక్కే బోర్డు మీద చేసింది. మొదటివాళ్లకు రాకపోవడానికి ఐదింట నాలుగు, తర్వాతివాళ్లకు నాలుగింట మూడు, ఆపైన మూడింట రెండు, రెండింట ఒకటి. గుణిస్తే పైవీ కిందివీ కొట్టేసుకుపోయి చివరికి ఐదింట ఒకటే మిగిలింది. ముందు తీసినా, ఆఖరున తీసినా అవకాశం ఒక్కటే. ఆ పిల్ల బోర్డు వైపు అట్లాగే చూస్తూ నిలబడిపోయింది. చెప్పిన పాఠాన్ని అంత నమ్మిన విద్యార్థి నాకు మళ్లీ దొరకలేదు.

తర్వాత కొద్ది రోజులకే అసలు చీటీలు వచ్చిపడ్డాయి. కాలేజీ ఆడపిల్లల హాస్టల్‌లో ఒక్క సీటు మిగిలింది. అడిగినవాళ్లు ఐదుగురు. అందులో సారక్క ఒకతె. ఆమె ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చి పోవడం ఎన్నాళ్లో సాగే పని కాదు. సీటు వస్తే చదువు, లేకపోతే లేదు. చీటీలు తీయించే పని లెక్కల సారు కాబట్టి నాకే అప్పగించారు. ఆ సాయంత్రం కరస్పాండెంట్ పిలిచాడు. ఒక మిర్చి వ్యాపారి కూతురు పేరు చెప్పాడు.

“మనోళ్ల పిల్ల. జర చూసుకో పంతులూ. నీ పర్మనెంట్ సంగతి గూడ నా దిమాగ్‌ల ఉన్నది.”

కాదని అనొచ్చు కదా? అనలేదు. ఆలోచించడానికి గడువైనా అడగలేదు. ఇంటికి వెళ్లి నాలుగు చీటీలు పల్చటి కాగితంతో చేశాను. ‘సీటు’ అని రాసిన ఐదోది డ్రాయింగు షీటు ముక్కతో చేశాను. చేతికి ఎర్కయ్యేటట్టు. చూశారా, ఏం నేర్చుకున్నానో? మందంగా తగిలింది తీయమని ఆ వ్యాపారి కూతురికి నేనే చెప్పాను. పేర్ల అక్షర క్రమంలో తీయాలని నియమం పెట్టిందీ నేనే. ఆమె పేరు ‘అ’తో మొదలవుతుంది మరి. ఛీ, కంచే చేను మేయడమంటే ఇదే.

మరునాడు మిగతా పిల్లలు గొడవపెట్టారు. ముందు తీసేవాళ్లదే లాభం, ఇదేం పద్ధతి అన్నారు. అప్పుడు సారక్క వాళ్ల వైపు తిరిగింది.

“ముందుగాల తీసినా, ఆఖర్ల తీసినా ఒక్కటేనే! మొన్న సార్ చెప్పలే? అందరి కంటె ఆఖర్ల నేనే తీస్త, తియ్!”

అందరూ వరుస కట్టారు. నా పాఠంతోనే నా మోసానికి కాపలా కాసింది ఆ పిల్ల. మొదటి చెయ్యి, ఆ వ్యాపారి కూతురిది, నా ఇత్తడి చెంబులోకి పోయి, వెతుక్కుని, సీటు పట్టుకొచ్చింది. పని అయిపోయింది. అయినా సారక్క తన వంతు వచ్చేదాకా నిలబడి, ఆఖరి చీటీ తీసి, మడత విప్పి చూసుకుంది. రెండు వైపులా చూసింది. అందరూ వెళ్లాక నా దగ్గరికొచ్చింది.

“సార్, లెక్క తప్పిందా?”

“లెక్క తప్పదమ్మా. నీ నసీబ్, అంతే.”

నేనే అన్నాను. ఆ మాటకు బెంచీ ఎక్కించిన నేనే. ఆ పిల్ల “సరే సార్” అని వెళ్లిపోయింది. ఆమెకు అనుమానం వచ్చిందా? చింతగింజను పట్టిన వేళ్లు కదా అవి! వచ్చి కూడా నా మీద గౌరవంతో మింగేసిందా? తెలియలేదని తేలితే నాకు బాగుంటుందా, తెలిసిందని తేలితే బాగుంటుందా? ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా ఈ లెక్క నాకు తేలదు.

ఇంకొన్నాళ్లు బస్సులోనే వచ్చింది. మొదటి పీరియడ్ ఎప్పుడూ తప్పిపోయేది. బతుకమ్మ సెలవులయ్యాక ఇక రాలేదు. ఆ వేసవికి నేను పర్మనెంటయ్యాను. మా ఆవిడ వీధంతా పేడాలు పంచింది. నాకు ఒక్కటి కూడా దిగలేదు.

నాలుగైదేళ్ల తర్వాత ములుగు బస్టాండులో కనిపించింది. బీడీల కోసం తునికాకు కోతకు వెళ్లే ఆడవాళ్లతో కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి దండం పెట్టింది. పక్కనున్న ఆమెతో సంబరంగా చెప్పింది.

“మా లెక్కల సారు. నసీబ్‌ల లేకపాయె గని, ఉంటె నేను గూడ సారు తీర్గ బోర్డు మీద లెక్కలు చెప్తుంటి.”

నా బస్సు ఇంకా రాలేదు. చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నేనిచ్చిన ఆ తప్పుడు మాటను ఆమె అన్నేళ్లూ నిజమని మోసింది. మోయనిచ్చాను.

ఇప్పటికీ ఏటా ఆ లెక్క చెబుతాను. ‘చీటీలన్నీ ఒకే కాగితంతో చేసినవైతే’ అని ముందే రాయిస్తాను. పిల్లలు అదీ సూత్రంలో భాగమనుకుని రాసుకుంటారు. ఎవరూ ఎందుకని అడగరు. అడిగితే బాగుండునని ఒకసారి, అడగకుంటే చాలని ఒకసారి అనిపిస్తుంది.

మిమ్మల్ని క్షమించమని అడగను, అది మీ చేతిలో లేదు. ఆమె చేతిలో ఉన్నది అడిగే ధైర్యం నాకు లేదు. రాసినంత మేర గొంతు కాస్త సడలింది, అంతే. సారక్కా, ఆ చెంబులో నీ వంతు ఐదింట ఒకటి కాదు, సున్నా. లెక్క తప్పలేదు, నీ నసీబూ కాదు. ఆ మందపు చీటీ కత్తిరించింది నేను.